కొత్త పనులే కనిపించని అజెండా: ఒక ఆర్గ్ మోడ్ కేసు

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ వాడేవాళ్ళకు సెట్టింగులు అమర్చిపెట్టడం, చిక్కుపడితే విప్పడం నా పనిలో ఒక భాగం. ఈ కేసు తేలడానికి ఆరు వారాలు పట్టింది. అసలు ఆధారం మొదటి రోజే నా కళ్ళబడింది. చదివాను, ఇది హాని చేయదులే అనుకుని పక్కన పెట్టాను. ఎందుకలా అనుకున్నానో వివరంగా రాస్తే ఇదే పని చేసే ఇంకొకరికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఈ సమస్యతో నా దగ్గరికి వచ్చినామె అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

నేపథ్యం

ఆమె పరిశోధకురాలు. ప్రచురణకు పంపే వ్యాసాలు లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ వ్యవస్థలో రాస్తారు. ఆలోచనలు, తొలి ముసాయిదాలు, చేయాల్సిన పనులు, గడువులు అన్నీ ఆర్గ్ మోడ్‌లో, అంటే నోట్స్‌కూ పనుల జాబితాకూ ఈమాక్స్‌లో ఉన్న సౌకర్యంలో, ఉంటాయి. ప్రాజెక్టుకో ఫైల్ చొప్పున అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకున్నారు. కొత్త ప్రాజెక్టు మొదలైతే కొత్త ఫైల్ తెరుస్తారు.

ఆర్గ్ ఫైల్ అంటే మామూలు టెక్స్ట్ ఫైలే. నక్షత్రం గుర్తుతో ఒక శీర్షిక, అది పని అయితే పక్కన ‘టూడూ’ అన్న మాట, కింద తేదీ. అజెండా తెరిస్తే ఆర్గ్ ఆ ఫైళ్ళన్నీ చదివి ఏ రోజు ఏం చేయాలో ఒకచోట పేర్చి చూపిస్తుంది. ఏ ఫైళ్ళు చదవాలో ‘ఆర్గ్-అజెండా-ఫైల్స్’ అనే వేరియబుల్ చెబుతుంది. అందులో ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా ఇవ్వొచ్చు, లేదా ఫోల్డర్ పేరు ఇవ్వొచ్చు. ఫోల్డర్ ఇస్తే అందులో ‘డాట్ ఆర్గ్’తో ముగిసే ఫైళ్ళన్నీ లెక్కలోకి వస్తాయి. రేపు కొత్త ఫైల్ పెడితే అదీ దానంతటదే చేరుతుంది. ఆమె ఫోల్డర్ పేరే ఇచ్చారు. సరైన పద్ధతి అదే.

తర్వాత కథకు కావాల్సిన సంగతులు ఇంకో మూడున్నాయి. ఆమె ఈమాక్స్‌ను డీమన్‌గా, అంటే తెరవెనుక ఎప్పుడూ ఉండేలా, నడుపుతారు, వారాల తరబడి మూయరు. పనిచోట ఒక కంప్యూటర్, ఇంట్లో ఒకటి ఉన్నాయి. ఫోల్డర్‌ను రెండిటి మధ్యా ఒక సింక్ ప్రోగ్రామ్ సమానంగా ఉంచుతుంది. ఇక సెట్టింగులన్నీ ఒక ఆర్గ్ ఫైల్‌లోనే, వివరణలతో కలిపి రాసుకున్నారు. ఈమాక్స్ తెరవగానే చదివే ఇనిట్ ఫైల్‌లో చివరి వరుస ఆ ఫైల్‌ను లోడ్ చేస్తుంది.

ఆమె చెప్పిన సమస్య

“కొన్ని పనులు అజెండాలోకి రావట్లేదండీ. కొన్నేమో రెండేసి సార్లు వస్తున్నాయి. ఈమాక్స్ మూసి తెరిస్తే కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ మామూలే.”

ఈ లోపంవల్ల ఒక సమీక్ష గడువు దాటిపోయింది. ఆ తర్వాత ఆమె ఒక కాగితం నోట్‌బుక్ మొదలుపెట్టారు. అజెండా చూడటం, నమ్మకం లేక ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూడటం, నోట్‌బుక్‌లో రాసుకోవడం. ఒకే పనికి మూడు లెక్కలు. పనుల జాబితాలో పదింట ఒకటి తప్పిపోతుందంటే, ఏది తప్పిపోయిందో తెలియదు కాబట్టి మిగిలిన తొమ్మిదీ నమ్మలేం. అందుకే ఈ కేసును అత్యవసరంగా తీసుకున్నాను.

నా దగ్గరికి వచ్చేముందు ఆమె చాలానే ప్రయత్నించారు. ఇతరుల సెట్టింగులు తెచ్చి అతికించారు. ఈమాక్స్‌తో వచ్చే ఆర్గ్ పాతదేమోనని ప్యాకేజీగా ఇంకో ఆర్గ్ పెట్టుకున్నారు. దాంతో తెరిచినప్పుడల్లా, రెండు వెర్షన్లు కలిసిపోయాయన్న హెచ్చరిక రావడం మొదలైంది.

మొదటి అడుగు: వెర్షన్ల కలగాపులగం

ఆ హెచ్చరికతోనే మొదలుపెట్టాను. కారణం తేలిగ్గానే దొరికింది. సెట్టింగుల ఫైలే ఆర్గ్ ఫైల్ కాబట్టి దాన్ని చదవడానికి ఈమాక్స్ ముందుగా తనతో వచ్చిన ఆర్గ్‌ను లోడ్ చేస్తుంది. ఆ ఫైల్ లోపలికి వెళ్ళాక ప్యాకేజీ ఆర్గ్ వస్తుంది. సగం కోడ్ ఒకదానిది, సగం ఇంకోదానిది. ఇలాంటి స్థితిలో ఏ లక్షణాన్నీ నమ్మలేం, ముందు ఇది తేల్చాల్సిందే.

దారులు రెండు. కొత్త ఆర్గ్‌ను అన్నిటికంటే ముందు లోడ్ అయ్యేలా చేయడం, లేదా దాన్ని తీసేయడం. కొత్త వెర్షన్‌లో మాత్రమే ఉన్న సౌకర్యం ఏదైనా వాడుతున్నారా అని అడిగాను. లేదన్నారు. తీసేశాం. పనిచోట ఈమాక్స్ 29 ఉంది, దానితో వచ్చే ఆర్గ్ 9.6 ఆమెకు ధారాళంగా సరిపోతుంది.

హెచ్చరిక పోయింది. పనులు మాయమవడం పోలేదు.

ఆరోజే ఇనిట్ ఫైల్ పైనుంచి కిందికి చదివాను. మధ్యలో ‘కస్టమ్-సెట్-వేరియబుల్స్’ అనే భాగం ఉంది. మెనూల ద్వారా మార్చిన సెట్టింగులను ఈమాక్స్ తానే రాసుకునే చోటు అది. అందులో ఆర్గ్-అజెండా-ఫైల్స్‌కు ఇరవైకి పైగా ఫైళ్ళ పేర్లతో ఒక పొడవాటి జాబితా కనిపించింది. ఆ వేరియబుల్‌కే ఫోల్డర్ పేరు ఇచ్చే వరుస ఆమె సెట్టింగుల ఫైల్‌లో ఉంది, ఆ ఫైల్ చివర్లో లోడ్ అవుతుంది. చివర వచ్చిందే నిలుస్తుంది కాబట్టి పై జాబితా ప్రభావం ఏమీ ఉండదు. ఎప్పటిదో పాత అవశేషం అనుకున్నాను. ఈమాక్స్ తెరిచే క్షణానికి ఆ తర్కంలో తప్పు లేదు. తెరిచిన తర్వాత వారాలపాటు అది నడుస్తూనే ఉంటుందన్న సంగతి దగ్గర నా ఆలోచన ఆగిపోయింది.

రెండో అడుగు: క్యాష్ మీద అనుమానం

ఇంటి కంప్యూటర్‌లో ఈ సమస్య లేదని రెండోసారి మాట్లాడినప్పుడు తెలిసింది. అక్కడ ఈమాక్స్ 28, దానితో ఆర్గ్ 9.5 ఉన్నాయి. 9.6లో వచ్చిన పెద్ద మార్పుల్లో ఒకటి, ఫైల్ నిర్మాణాన్ని గుర్తుపెట్టుకునే ఎలిమెంట్ క్యాష్ ముందునుంచే ఆన్‌లో ఉండటం. ఫైల్‌లో ఒకటుండి క్యాష్‌లో ఇంకొకటుంటే అజెండా తప్పడం సహజమే. కొత్త వెర్షన్‌లో జబ్బు ఉంది, పాత వెర్షన్‌లో లేదు. ఊహ అతికినట్టు సరిపోయింది.

క్యాష్‌ను ఖాళీ చేయించాను, ‘ఆర్గ్-ఎలిమెంట్-యూజ్-క్యాష్’ను ఆఫ్ చేయించాను, శుభ్రంగా ఉంటుందని ఈమాక్స్ మూసి తెరవమన్నాను. పనులన్నీ వచ్చాయి. ఐదు రోజులు బాగుంది. కేసు ముగిసిందని రాసుకున్నాను. ఆరో రోజు ఫోన్ వచ్చింది: “మళ్ళీ పోయాయండీ.”

మూసి తెరిస్తే బాగుపడుతుందని ఆమె మొదటి వాక్యాల్లోనే చెప్పారు. నేను మందు ఇచ్చి, దానితోపాటే మూసి తెరవమని కూడా అన్నాను. ఉపశమనం దేనివల్ల వచ్చిందో చెప్పే వీలు నా చేతులతో నేనే లేకుండా చేసుకున్నాను. ఈ కేసులో నేను చేసిన అసలైన పొరపాటు ఇదే. క్యాష్‌ను అనుమానించడంలో తప్పులేదు. పరీక్ష తప్పు. క్యాష్ మళ్ళీ ఆన్ చేయించాను.

మలుపు

ఈసారి ఒకే ఒక్క మాట అడిగాను: మాయమైనప్పుడు ఏమీ మార్చకండి, మూయకండి, నన్ను పిలవండి. జబ్బు ఉన్నప్పుడే చూడాలి, తగ్గాక కాదు.

పిలిచారు. స్క్రీన్ చూస్తూ, రాని పనులేవో ఒక కాగితం మీద రాయించాను. మూడు ఉన్నాయి. రాసేటప్పుడు ఆమే అన్నారు: “పాత ప్రాజెక్టులవి ఎప్పుడూ పోలేదు. పోయేవన్నీ ఈమధ్య మొదలుపెట్టినవే. అలాగని కొత్తవన్నీ పోవు.”

పాతవి ఎప్పుడూ పోలేదంటే ఫైల్ లోపల కాదు, ఫైళ్ళ జాబితాలో ఏదో ఉంది. వేరియబుల్ వివరణ చూపే కంట్రోల్-హెచ్, వి నొక్కించి ఆర్గ్-అజెండా-ఫైల్స్ విలువ చూశాం. ఒక ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట ఫైళ్ళ జాబితా ఉంది. ఇనిట్ ఫైల్‌లో నేను చదివి వదిలేసినలాంటి జాబితానే. ఇంకో వింత కూడా ఉంది. ఫోల్డర్‌లోని ఫైళ్ళను ఈమాక్స్ అక్షర క్రమంలో ఇస్తుంది. ఈ జాబితాలో మొదటి మూడు మాత్రం ఆ క్రమంలో లేవు, ఎవరో తీసి ముందు పెట్టినట్టున్నాయి. మూడూ ప్రచురణకు సిద్ధమవుతున్న వ్యాసాల ఫైళ్ళు.

ఈమాక్స్ నడుస్తుండగా ఎవరో విలువ మారుస్తున్నారు. ఎవరు? ఈమాక్స్ 26 నుంచి ఇందుకు రెండు సాధనాలున్నాయి. ‘డీబగ్-ఆన్-వేరియబుల్-ఛేంజ్’ పెడితే వేరియబుల్ మారిన క్షణంలో డీబగ్గర్ తెరుచుకుంటుంది. కచ్చితంగా దొరుకుతుంది, కానీ రాస్తున్న వాక్యం మధ్యలో తెర మారిపోతుంది. ఇప్పటికే విసిగిపోయిన మనిషిని మళ్ళీ అదరగొట్టడం ఇష్టంలేక రెండోది ఎంచుకున్నాను. ‘యాడ్-వేరియబుల్-వాచర్’తో ఒక చిన్న కాపలా పెట్టాను. విలువ మారితే సమయం, ఏ బఫర్‌లో (తెరిచి ఉన్న ఫైల్‌లో) ఉన్నారు, ఏ ఆదేశం నడుస్తోంది అన్న మూడూ ఒక లాగ్ బఫర్‌లో రాస్తుంది, అంతే. ఆమె పనికి అడ్డురాదు.

నాలుగు రోజుల తర్వాత లాగ్ చూశాం. వ్యాసాల ఫైళ్ళలో ఉన్నప్పుడు మారింది. ప్రతిసారీ ఒకే ఆదేశం: ‘ఆర్గ్-అజెండా-ఫైల్-టు-ఫ్రంట్’. ఆమె ఆ పేరే ఎప్పుడూ వినలేదన్నారు.

ఒకే కీ, రెండు పనులు

ఆ ఆదేశం ఆర్గ్‌లో కంట్రోల్-సి, ఆ వెంటనే తెరిచే చదరపు బ్రాకెట్ మీద ఉంటుంది. ప్రస్తుత ఫైల్‌ను అజెండా జాబితాలో ముందుకు చేర్చడం దాని పని. లేటెక్ రాతలో ఉల్లేఖనాలకు సాయపడే రెఫ్‌టెక్ వాడేవాళ్ళకు ఇదే కీ ఉల్లేఖనం చేర్చే కీ. ఆమె ఏళ్ళ తరబడి రోజూ నొక్కుతున్న కీ. ముసాయిదా ఆర్గ్‌లో రాస్తున్నప్పుడు ఎవరినైనా ఉటంకించాల్సి వస్తే వేళ్ళు వాటంతటవే అటు వెళ్ళాయి. ఉల్లేఖనాల జాబితా రాదు. “ఓ, ఇది లేటెక్ కాదు కదా” అనుకుని చేత్తో రాసుకుని ముందుకు వెళ్ళేవారు. ఫైల్ జాబితాలో చేరిందన్న సందేశం తెర కింది వరుసలో ఒక్క క్షణం మెరిసి పోయేది. రాస్తున్న మనిషి చూపు అక్కడ ఉండదు.

ఆర్గ్ మోడ్‌ను 2003లో మొదలుపెట్టినది ఖగోళ శాస్త్రవేత్త కార్స్టెన్ డొమినిక్. రెఫ్‌టెక్ రాసిందీ ఆయనే. దేని మోడ్ దానిది కాబట్టి ఒక్కొక్కటిగా చూస్తే ఏ గొడవా లేదు. రెండిట్లోనూ రోజూ తిరిగే వేళ్ళ దగ్గరే చిక్కు.

లక్షణాలన్నీ ఇక వరసగా విడిపోయాయి. ఆ ఆదేశం ఫైల్‌ను చేర్చేముందు ఫోల్డర్ పేరును అప్పటికి అందులో ఉన్న ఫైళ్ళుగా విప్పి, ఆ జాబితానే వేరియబుల్‌లో పెట్టి, ఇనిట్ ఫైల్‌లోని కస్టమ్ భాగంలో కూడా రాసేస్తుంది. ఆ క్షణంనుంచి జాబితా గడ్డకట్టినట్టే. తర్వాత పుట్టిన ఫైళ్ళు దానిలో లేవు. కొత్త ఫైల్‌లోనే మళ్ళీ ఆ కీ నొక్కితే అది చేరుతుంది. కొత్తవన్నీ పోకపోవడానికి కారణం అదే: ఉల్లేఖనాలు అవసరమైన ప్రాజెక్టులు వచ్చాయి, మిగతావి రాలేదు. మూసి తెరిస్తే చివర లోడ్ అయ్యే ఫైల్ ఫోల్డర్ పేరును తిరిగి పెడుతుంది, అన్నీ కనిపిస్తాయి. ఇంటి కంప్యూటర్‌లో ఆమె వ్యాసాలు రాయరు, పనులు టిక్ పెట్టుకుంటారంతే. వెర్షన్ తేడా అని నేననుకున్నది అలవాటులో తేడా.

ఎలా సరిచేశాం

మొదట తట్టిన ఉపాయం, అజెండా తెరిచే ప్రతిసారీ వేరియబుల్‌కు ఫోల్డర్ పేరును తిరిగి ఇవ్వడం. పనిచేస్తుంది, కానీ కీ నొక్కినప్పుడల్లా ఇనిట్ ఫైల్ మారుతూనే ఉంటుంది. రోగం ఉంచి లక్షణం దాచడం అది. రెండోది, ఆ కీని తీసేయడం. అప్పుడు నొక్కితే ఆ కీకి ఏ పనీ లేదన్న సందేశం వస్తుంది. హాని లేదు, ఉపయోగమూ లేదు. ఆమె వేళ్ళు మాత్రం రోజూ అటు వెళ్తూనే ఉంటాయి.

మూడోది ఎంచుకున్నాం: ఆ వేళ్ళు అడుగుతున్నదే ఇవ్వడం. ఆర్గ్ 9.5 నుంచి ఉల్లేఖనాల సౌకర్యం ఆర్గ్‌లోనే ఉంది. ‘ఆర్గ్-సైట్-ఇన్సర్ట్’ మామూలుగా కంట్రోల్-సి, కంట్రోల్-ఎక్స్, ఆ తర్వాత యాట్ గుర్తు మీద ఉంటుంది. దాన్ని బ్రాకెట్ కీ మీదికి తెచ్చాం. ‘ఆర్గ్-సైట్-గ్లోబల్-బిబ్లియోగ్రఫీ’లో ఆమె లేటెక్‌కు వాడే గ్రంథసూచి ఫైల్ దారి ఇచ్చాం. ఇది మరిచిపోతే ఆ ఆదేశానికి వెతకడానికి ఏమీ ఉండదు. ఇంట్లో ఉన్నదీ 9.5 కాబట్టి రెండుచోట్లా ఒకే అమరిక నడుస్తుంది. ముగిసే బ్రాకెట్ మీద ఫైల్‌ను జాబితానుంచి తీసేసే ఆదేశం ఉంటుంది. అదీ ఇలాగే జాబితాను విప్పి రాసేస్తుంది కాబట్టి ఆ కీ ఖాళీ చేశాం.

తర్వాత కస్టమ్ భాగాన్ని ఇనిట్ ఫైల్ నుంచి విడదీసి వేరే ఫైల్‌లోకి మార్చాం. ‘కస్టమ్-ఫైల్’ వేరియబుల్‌కు దాని దారి ఇచ్చి, మిగతా సెట్టింగులకంటే ముందు లోడ్ అయ్యేలా పెట్టాం. ఈమాక్స్ తానే రాసుకున్నదేదో, మనిషి రాసిందేదో ఇప్పుడు చూడగానే తెలుస్తుంది.

మిగిలిన రెండు

ఇంతా అయ్యాక కూడా కాగితం మీది మూడు పనుల్లో ఒకటి రాలేదు. తీరాచూస్తే దాని తేదీ చదరపు బ్రాకెట్లలో ఉంది. కోణాకార బ్రాకెట్లలో ఉన్న తేదీలే ఆర్గ్‌కు సజీవం. చదరపువి గుర్తుకోసం రాసుకున్నవి, అజెండా వాటిని మామూలుగా పట్టించుకోదు. కంట్రోల్-సి, చుక్క బదులు కంట్రోల్-సి, ఆశ్చర్యార్థకం నొక్కారు. నిమిషంలో తేలిపోయింది. ముందే తగిలి ఉంటే మాత్రం ఇదే మూలమనుకుని ఇంకో వారం పోగొట్టేవాణ్ణి.

రెండేసి సార్లు రావడం వేరే కథ. అజెండాలో ఫాలో మోడ్ ఆన్ చేసి జంట వరుసల మీద కర్సర్ కదిపితే రెండూ వేర్వేరు ఫైళ్ళకు వెళ్ళాయి. ఒకటి అసలు ఫైల్, ఇంకోటి సింక్ ప్రోగ్రామ్ పెట్టిన ఘర్షణ ప్రతి. పేరు మధ్యలో తేదీ అవీ చేరినా చివర డాట్ ఆర్గ్ అలాగే ఉండటంతో ఫోల్డర్ లెక్కలో చేరిపోయింది. అజెండా వరుస మొదట్లో మామూలుగా ఫైల్ పేరు కనిపిస్తుంది. ఆమె ప్రతి ఫైల్‌లో, ఆ పేరు బదులు కనిపించే కేటగిరీ వరుస రాసుకోవడంతో రెండు ప్రతులకూ ఒకే పేరు పడి, కవలల్లా కనిపించాయి.

ఎలాంటి పేర్లున్న ఫైళ్ళు తీసుకోవాలో చెప్పే ‘ఆర్గ్-అజెండా-ఫైల్-రెజెక్స్‌ప్’ను బిగిస్తే ఆ ప్రతులు అజెండాలోకి రావు. ఫలానా మాట ఉన్న పేర్లు వద్దని చెప్పే వీలు ఈమాక్స్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో లేదు, కావలసిన పేర్ల రూపమే చెప్పాలి: అక్షరాలు, అంకెలు, హైఫన్, ఆపైన డాట్ ఆర్గ్. అయితే వాటిని దాచడానికి నా మనసు ఒప్పుకోలేదు. ఘర్షణ ప్రతి అంటే రెండుచోట్ల రెండు రకాలుగా మారిన రాత. ఒకదానిలో ఉన్న వాక్యం ఇంకోదానిలో ఉండకపోవచ్చు. దాచేస్తే అది అలాగే పోతుంది. అందుకే ముందు ఈడిఫ్‌తో ప్రతి జంటనూ పక్కపక్కన పెట్టి కలిపాం. నాలుగు జంటల్లో రెండిట్లో ఆమె పోయాయనుకున్న నోట్స్ దొరికాయి. ఆ తర్వాతే రెజెక్స్‌ప్ బిగించి, అజెండా తయారైనప్పుడల్లా అలాంటి ప్రతి ఏదైనా ఉంటే చెప్పే చిన్న ఫంక్షన్ రాశాను. ఆ మాట కింది వరుసలో చూపిద్దామనుకున్నాను. ఆమె కన్ను పడని చోటు అదేనని అప్పటికి తెలిసింది కాబట్టి ‘డిస్‌ప్లే-వార్నింగ్’ వాడాను. అది విడిగా ఒక కిటికీ తెరుస్తుంది.

ఘర్షణకు మూలం ఈమాక్స్‌లో లేదు. సేవ్ చేసిన వెంటనే ల్యాప్‌టాప్ మూత వేయడంతో సింక్‌కు వ్యవధి దొరకలేదు. ఇంట్లో పాత ప్రతిలోనే మార్పులు సాగాయి. రెండుచోట్లా ‘గ్లోబల్-ఆటో-రివర్ట్-మోడ్’ ఆన్ చేశాం, తెరిచి ఉన్న బఫర్లయినా తాజాగా ఉంటాయని. మూత సంగతి మాత్రం ఆమే చూసుకోవాలి.

నేను మార్చుకున్నవి

అజెండాలో పని రావట్లేదంటే ఇప్పుడు నేను మొదట అడిగేది ఆర్గ్-అజెండా-ఫైల్స్ ప్రస్తుత విలువ. సెట్టింగుల ఫైల్‌లో ఏం రాసి ఉందో ఆ తర్వాత చూస్తాను. ఈమాక్స్‌లో ఫైల్ చెప్పేది తెరిచినప్పటి మాట, వేరియబుల్ చెప్పేది ఇప్పటి మాట. కస్టమ్ భాగంలో మనిషికి తెలియని వరుస ఏదైనా కనిపిస్తే, దాన్ని ఏ ఆదేశం రాసిందో తేలేదాకా వదలను, ఆ వరుస ప్రభావం ఉన్నా లేకపోయినా. ఆమె జాబితాను మొదటి రోజే చూసి “ఇది మీరు రాశారా?” అని ఒక్క మాట అడిగి ఉంటే ఐదు వారాలు మిగిలేవి. ఇంకా, కొత్తగా వచ్చినవాళ్ళు ఈమాక్స్‌తో పాటు రోజూ ఏయే మోడ్‌లలో రాస్తారో అడిగి, ఆ మోడ్‌ల కీలు ఎక్కడెక్కడ కలుస్తాయో ముందే చూస్తున్నాను.

నాలుగు నెలలయింది. కాపలా ఇంకా ఉంది, లాగ్‌లో కొత్త వరుస పడలేదు. ఘర్షణ హెచ్చరిక రెండుసార్లు వచ్చింది, రెండూ ఆమే కలుపుకున్నారు. గడువులను ఇప్పటికీ నోట్‌బుక్‌లో కూడా రాస్తున్నారు. మానేయమని నేను అనలేదు.